డబుల్ డ్యూటీ కబురు

పొద్దున్న ఆరయ్యేసరికి మా ఆయన డ్యూటీలో ఉంటాడు. హాల్లో ఇన్వర్టరుకి ఎదురుగా కుర్చీ లాక్కుని, ఒళ్ళో పొడుగాటి నోటుపుస్తకం పెట్టుకుని, ఆ ఇన్వర్టరు పచ్చ లైటు మీంచి చూపు తిప్పడు. ఆయన రిటైరై ఏడేళ్ళయింది. మతిమరుపు జబ్బని డాక్టరు చెప్పి నాలుగేళ్ళయింది. ఊరు మర్చిపోయాడు, పిల్లల్ని మర్చిపోయాడు, తిన్న సంగతి చెయ్యి కడుక్కునేలోపు మర్చిపోతాడు. ముప్పై ఆరేళ్ళు కాపురం చేసిన నన్నూ మర్చిపోయాడు. డ్యూటీ ఒక్కటీ మర్చిపోలేదు.

నన్ను కాంటీన్ మనిషి అనుకుంటాడు. టీ గ్లాసు అందిస్తే, “కూపను తరవాత ఇత్తానమ్మా, జేబులో నేదు” అంటాడు. మహా మర్యాద. ఆయనకి తెలివున్న రోజుల్లో నా టీకి ఇంత మర్యాద ఏనాడూ దక్కలేదు.

మా ఆయన కొండలరావు అంటే స్టీల్ ప్లాంటు కోక్ ఓవెన్లలో తెలియనివాళ్ళు లేరు. ఇరవై తొమ్మిదేళ్ళు అక్కడే కంట్రోల్ రూములో చేశాడు. బొగ్గుని కోకుగా కాల్చే బట్టీలవి. ఒకసారి వెలిగించాక ఆర్పడమనేది ఉండదు, చల్లారితే లోపలి ఇటుకలు పగిలిపోతాయట. అందుకని ఆ రూములో ఎప్పుడూ ఒక మనిషి ఉండి తీరాలి. షిఫ్టు అయిపోయినా సరే, తరవాతి మనిషి వచ్చి పుస్తకంలో సంతకం పెట్టి, చార్జ్ తీసుకున్నానని నోటితో అనేదాకా కుర్చీ వదలకూడదు. పుస్తకం ఎవరి చేతిలో ఉంటే డ్యూటీ వాళ్ళది. ఆ వచ్చే మనిషిని రిలీవర్ అంటారు. రిలీవర్ రాకపోతే ఉన్నవాడికే రెండో షిఫ్టు కూడా పడుతుంది. అదే డబుల్ డ్యూటీ.

మేము ప్లాంటు టౌన్‌షిప్పులో, మా సెక్టారు క్వార్టర్లో ఉన్న రోజుల్లో ఇళ్ళల్లో ఫోనులెక్కడివి? ఒకరికి డబుల్ పడితే, డ్యూటీ దిగినవాడు ఇంటికి పోతూ పోతూ ఆ ఇంట్లో కబురు చెప్పి పోవాలి. ఎక్కడా రాసి పెట్టలేదు గానీ తప్పినవాడు లేడు. మా ఇంటికి కబురు తెచ్చేది వరహాలు. సైకిలు దిగేవాడు కాదు, గేటు దగ్గర ఒంటికాలు ఆన్చి కేకేసేవాడు.

“అప్పా, బావకి డబుల్ డ్యూటీ పడిపోనాది. నిన్ను తినీసి తొంగోమన్నాడు.”

నేను తినేదాన్ని కాదు. ఆయన వచ్చేదాకా గిన్నెల మీద మూతలు పెట్టుకుని కూర్చునేదాన్ని. వచ్చాక “తినీసేను, మీరు తినండి” అని అబద్ధమాడి, ఆయన పడుకున్నాక వంటింట్లో గబగబా రెండు ముద్దలు మింగేదాన్ని. అదొక ప్రేమ అనుకునేదాన్ని కాబోలు. నేను కడుపు మాడ్చుకుంటే బట్టీలు బేగి కాలవు గదా.

వరహాలు మాకు చుట్టం కాడు. ఒకే రూములో అన్నేళ్ళు బావా బావా అని పిలుచుకుని వాళ్ళిద్దరూ బావలైపోయారు, నేను అప్పనైపోయాను. ఇప్పుడు కూర్మన్నపాలెంలో మా వీధిలోనే నాలుగిళ్ళ అవతల ఉంటాడు. నాలుగేళ్ళుగా నా ఇల్లు నడిచిందంటే అతని పుణ్యమే. మొదట్లో ఆ కుర్చీలోంచి ఆయన్ని లేపడం నా తరమయ్యేది కాదు. అన్నానికి లేవడు, స్నానానికి లేవడు, మా అబ్బాయి మణికంఠ వచ్చి రెక్క పట్టుకుంటే కొట్టబోయాడు. ఒకరోజు వరహాలు అటక మీది పాత హెల్మెట్ దులిపి నెత్తిన పెట్టుకుని, సరిగ్గా రెండింటికి లోపలికి వచ్చాడు.

“బావా, నానొచ్చీసేను. ఏటి పరిస్తితి?”

“పెజరు బాగుంది. రెండో లైను ముల్లు కాసింత వొణుకుతంది, సూసుకో.”

“దాసిందేటీ నేదు గదా?”

“నేదు.”

“సార్జి తీసుకున్నాను. నువ్వెల్లు.”

పుస్తకంలో సంతకమైంది. మా ఆయన లేచి, చొక్కా సర్దుకుని, నా వెనకాల బుద్ధిగా బాత్రూముకి నడిచాడు. స్నానం చేశాడు, తిన్నాడు, పడుకున్నాడు. ఆ రోజునుంచి అదే మా పద్ధతి. దాచిందేమీ లేదు కదా అని అడగడం ఎందుకని వరహాలుని అడిగాను. ఒకడు చేసిన పొరపాటు చెప్పకుండా దిగిపోతే, తెలియక ఎక్కినవాడి ప్రాణం మీదకి వస్తుందట. పొరపాటు చేసినవాణ్ణి తిట్టి వదిలేసేవారు గానీ, దాచినవాణ్ణి మాత్రం ఎవరూ క్షమించేవారు కాదట.

ఆ పుస్తకంలో కుడిపేజీ ఆయనది. ఏవో అంకెలు, సంతకాలు. ఎడమపేజీ నాది. ఏం తిన్నాడు, విరేచనం అయిందా, షుగరు ఎంత, ఏ మాత్ర ఉమ్మేశాడు, అన్నీ తారీకు వేసి రాస్తాను. డాక్టరు అడిగినప్పుడు నీళ్ళు నమలకుండా ఉంటుందని మొదలుపెట్టాను. తరవాత అలవాటైపోయింది. నేను ఏం తిన్నానో రాసే పేజీ అందులో లేదు.

పిల్లలు చెడ్డవాళ్ళు కాదు. మణికంఠ పోర్టులో కంటైనర్ల దగ్గర సూపర్వైజరు. గాజువాకలో చిన్న ఇల్లు, ఇద్దరు పిల్లలు. ఆదివారం వస్తాడు, యాపిల్ పళ్ళు తెస్తాడు, గంట కూర్చుని నాన్న మొహం కేసి చూసి వెళ్ళిపోతాడు. శ్రీసత్య దువ్వాడలో కాలేజీలో పాఠాలు చెబుతుంది. దాని అత్తగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. దాని మొహం చూస్తే నా మొహం అద్దంలో చూసుకున్నట్టుంటుంది. వాళ్ళని తప్పు పట్టాలంటే పట్టొచ్చు. పట్టడానికి ఓపిక ఉండాలి కదా.

మొదట్లో ఏడ్చేదాన్ని. తరవాత విసుక్కునేదాన్ని. ఇప్పుడేదీ లేదు. పన్ను పీకడానికి మత్తింజక్షన్ ఇచ్చాక చెంప మీద నొక్కి చూసుకుంటే వేలికి తెలుస్తుంది గానీ చెంపకి తెలియదు చూడండి, అలా ఉంటుంది నాకు రోజంతా. ఆయన నన్ను ‘ఏమ్మా’ అంటే బాధ లేదు. ఒక్కోసారి మణికంఠని చూసి ఎవరీ గుంటడని అడిగితే వాడు గోడకేసి తిరుగుతాడు. నేను లేచి పాలు పొంగాయేమో చూసుకుంటాను.

మే నెలలో వరహాలు కూతురు హిమబిందుకి ఎలమంచిలిలో పురుడు వచ్చింది.

“మూడ్రోజులు ఎల్లొత్తానప్పా. తప్పదు. రెండింటికి నువ్వే ఎలాగోలాగ సర్దిసెప్పీ” అని హెల్మెట్ నా చేతికిచ్చి వెళ్ళాడు.

మర్నాడు పదమూడో తారీకు. రెండయింది. నవ్వకండి, హెల్మెట్ నెత్తిన పెట్టుకుని ఆయన ఎదురుగా నిలబడ్డాను.

“నానొచ్చేను. సార్జి తీసుకుంతన్నాను. మీరెల్లండి.”

ఆయన నన్ను కింది నుంచి పైకి చూశాడు. “కాంటీనోళ్ళకి సార్జి ఇవ్వకూడదమ్మా. రూలు ఒప్పదు” అన్నాడు నెమ్మదిగా. బతిమాలాను. కంచం తెచ్చి చూపించాను. “నా రిలీవర్ ఏడీ?” అంటాడు. అరగంట గడిచింది. బయట ఎండ పెళపెళలాడుతోంది, అంతకుముందు రెండు రోజులుగా నాకు గంటసేపు వరసగా నిద్ర లేదు, కళ్ళు వాటంతట అవే మూతలు పడుతున్నాయి.

“మీ రిలీవర్ రానేదు!” అని అరిచాను.

ప్లాంటు మనిషి పెళ్ళాం అనకూడని మాట అది. ఆ మాట అన్నాక ఏమవుతుందో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరున్నారు? గేటు దగ్గర ఆ కబురు వందసార్లు విన్నదాన్ని. తెలియక అనలేదు. అంటే కూర్చుండిపోతాడని తెలుసు, కూర్చున్నంతసేపూ నా జోలికి రాడని తెలుసు. ఆయనకి కోపం రాలేదు. “అలగా. మరైతే డబులే” అని కుర్చీలో సర్దుకుని లైటు కేసి తిరిగాడు. కూర్చుంటే కూర్చున్నాడులే, కాసేపు నడుం వాలుద్దామని నేను గదిలోకి వెళ్ళాను.

మధ్యలో ఒకసారి మెలకువ వచ్చింది. చీకటి పడింది, హాల్లో కుర్చీ కిర్రుమంది. లేవాలి అనుకున్నాను. లేవలేదు. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి కిటికీలో తెల్లవారింది.

ఆయన అలాగే ఉన్నాడు. ఇరవై నాలుగ్గంటలు. పాదాలు బూరెల్లా పొంగిపోయాయి. లుంగీ తడిసి, కుర్చీ కింద మడుగు కట్టి, సగం ఆరి ఉంది. బాత్రూముకి కూడా కుర్చీ వదలలేదు. నన్ను చూసి, “రిలీవర్ వచ్చేడామ్మా?” అని అడిగాడు. గొంతు ఎండిపోయి మాట పీలగా వచ్చింది. చంకల కింద చేతులు వేసి లేపబోయాను. డెబ్బై ఎనిమిది కేజీల మనిషి, కాళ్ళు నిలవక మొత్తం బరువు నా మీద వేసేశాడు. నా కుడి భుజంలో ఏదో పుటుక్కుమంది. ఇద్దరం ఆ తడిలోనే కూలబడ్డాం.

ఆస్పత్రిలో నా భుజం నరం తెగిందన్నారు. ఆపరేషన్ చెయ్యాలి, ఆరు వారాలు చెయ్యి కదపకూడదు, మూడు నెలలు బరువు ఎత్తకూడదు. ఆయనకి కూర్చున్నచోట పుండు పడింది.

“ఎంతసేపు ఒకేచోట కూర్చున్నారు?” అని డాక్టరు అడిగాడు.

“రెండు మూడు గంటలండి. బాత్రూంలో జారేరు, లేపబోయేను” అన్నాను. ఆడిన అబద్ధానికి గుండె కొట్టుకోవాలి. కొట్టుకోలేదు. మణికంఠకీ అదే చెప్పాను, శ్రీసత్యకీ అదే చెప్పాను, ఎలమంచిలి నుంచి పరిగెత్తుకొచ్చిన వరహాలుకీ అదే చెప్పాను. పుస్తకంలో పదమూడో తారీకు ఎడమపేజీ ఖాళీగా వదిలేశాను. వరహాలు ఆ పుస్తకం తిరగేసి, ఖాళీ పేజీ దగ్గర ఒక్క క్షణం ఆగి, మూసేశాడు.

రెండు రోజుల తరవాత మణికంఠ నా మంచం పక్కన కూర్చుని నేల చూపులు చూశాడు.

“అమ్మా, దువ్వాడలో ఒక హోం ఉంది. మన శ్రీసత్య కాలేజీ ఎనకాల. ఈ మూడు నెలలూ నాన్నని ఆడుంచుదాం. నువ్వు బాగయ్యేక తెచ్చీసుకుందాం. ఏటంతావ్?”

సరే అన్నాను. వాడు నేను ఏడుస్తాననుకున్నాడు. జేబులోంచి రుమాలు కూడా తీసి పట్టుకున్నాడు. నాకు ఏడుపు రాలేదు. ఆ పూట నాకు తెలిసిందల్లా ఒక్కటే, మూడు నెలలు ఆ కుర్చీ చప్పుడు వినబడదు. అంత నీచంగా ఆలోచించాను. దాచడమెందుకు.

శుక్రవారం పదింటికి కారు వచ్చింది. ఆయన ఆరింటి నుంచి డ్యూటీలో ఉన్నాడు. పిర్ర కింద గాలి దిండు, ఒళ్ళో పుస్తకం. వరహాలు హెల్మెట్ పెట్టుకుని వచ్చాడు.

“బావా, నానొచ్చీసేను.”

మా ఆయన గోడ గడియారం కేసి చూశాడు. మనుషుల్ని చదవలేడు గానీ గడియారం చదవగలడు. “ఇంకా పదే గదా. నువ్వేటి ఇంత బేగొచ్చీసేవు? రెండింటికి రా” అన్నాడు.

మణికంఠ వరహాలుకి సైగ చేశాడు. వరహాలు ఏదో మాటల్లో పెట్టి ఆయన్ని వీధివైపు తిప్పితే, వీడు స్టూలెక్కి గడియారం ముల్లు రెండు మీదకి తిప్పేశాడు. ఆయన మళ్ళీ చూశాడు. రెండు. కాస్త ఆలోచనలో పడ్డాడు, తన లెక్క తప్పిందనుకున్నాడేమో, సిగ్గుపడ్డట్టు నవ్వాడు. పరిస్థితి చెప్పాడు. దాచిందేమీ లేదన్నాడు. వరహాలు తల ఎత్తకుండా సంతకం పెట్టాడు. ముప్పై ఏళ్ళ స్నేహంలో బావని మోసం చెయ్యడం అదే మొదలు అన్నాడు తరవాత నాతో. పుస్తకం నా ఎడమచేతిలో పెట్టి, మాతో రాకుండా గేటు దగ్గరే ఉండిపోయాడు.

హోం మరీ అన్యాయంగా ఏమీ లేదు. కిందంతా కడిగి ఉంది, ఫినాయిలు వాసన. పొడుగు గదిలో ఎనిమిది మంచాలు. కిటికీ పక్క మంచం మాది. తవిటమ్మ అనే ఆయా ఎదురొచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయేమో, గట్టి మనిషి. ఆయన్ని ఒక చేత్తో నడుం పట్టి, ఒక చేత్తో మోచెయ్యి పట్టి, అలవోకగా మంచం మీద కూర్చోబెట్టింది. నాలుగేళ్ళలో నేను నేర్చుకోలేని పట్టు అది.

“ఇంకెల్లమ్మా. మొదటి రోజు ఇంటోళ్ళు ఎంత బేగి ఎల్తే ఆళ్ళకి అంత మంచిది. నాను సూసుకుంతాను” అని మంచినీళ్ళు తేవడానికి వెళ్ళింది. మణికంఠ కారు తిప్పుతానని అంతకుముందే బయటికి పోయాడు. నిలబడి చూడలేక పోయాడు, అంతే.

మా ఆయన గోడలన్నీ వెతికాడు. లైటు లేదు, ముల్లు లేదు, కనిపెట్టుకుని ఉండడానికి ఏమీ లేదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఎదురుగా చూశాడు. ఎదురుగా నేనున్నాను. వెళ్ళాలి అనుకుంటూనే నిలబడి ఉన్నాను. బయట హారన్ రెండుసార్లు మోగింది. కుడిచెయ్యి మెడకి కట్టిన గుడ్డలో ఉంది, ఎడమచేత్తో పుస్తకం గుండెకి ఆన్చుకుని ఉన్నాను.

ఆయన పుస్తకం కేసి చూశాడు. తరవాత కట్టు కేసి. తరవాత నా మొహం కేసి.

“ఎన్ని షిఫ్టులైనాదమ్మా నీకు?” అన్నాడు.

నాలుగేళ్ళలో ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు. ఎలా ఉన్నాడు అని ఆయన గురించి అడిగేవారు, జాగ్రత్త అని చెప్పేవారు.

“సాలా అయినాయండి. లెక్క తెలీదు” అన్నాను.

“రిలీవర్ రానేదా?”

“రానేదు.”

ఆయన తల అడ్డంగా ఊపి, “ఆళ్ళకేటి, ఇంటికాడ సల్లగా తొంగుంతారు” అని గొణిగాడు. పుస్తకం కోసం చెయ్యి చాపాడు. “ఇలాగియ్యి. సెప్పు, ఏటి పరిస్తితి?”

పుస్తకం ఇచ్చాను. తవిటమ్మకి చెప్పాల్సినవే ఆయనకి చెప్పాను. పొద్దున్న రెండు ఇడ్లీ తిన్నాడని, షుగరు నూట అరవై ఉందని, రాత్రి మాత్ర పొడి చేసి పెరుగులో కలపాలని, చన్నీళ్ళు పోస్తే అరుస్తాడని, పడుకునేటప్పుడు కిటికీ తెరిచి ఉంచాలని. ఆయన గురించి ఆయనకే చెబుతున్నాను. ఆయన చాలా శ్రద్ధగా విన్నాడు. మధ్యలో “అలగే” అన్నాడు, “మంచిది” అన్నాడు.

“దాసిందేటీ నేదు గదా?”

తలుపు దగ్గర తవిటమ్మ నీళ్ళ సీసాతో ఆగిపోయింది. ఆమె విన్నా నాకు ఫరవాలేదనిపించింది.

“ఉంది” అన్నాను. “పదమూడో తారీకున ఒక మనిషికి రిలీవర్ రానేదని సెప్పి నాను తొంగున్నాను. మద్దిలో మెలకువొచ్చింది. కుర్చీ సప్పుడు ఇనిపించింది. అయినా లేవనేదు. తెల్లార్లూ ఆ మనిషి అలాగే కూకుండిపోనాడు. ఆ పుండు దానివల్లే. జారిపడ్డాడని అందరికీ అబద్దం సెప్పేను.”

ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

“బుక్కులో రాసినావా?”

“నేదు.”

“రాయాలమ్మా. నువ్వు రాయకపోతే ఎనకొచ్చినోడికి ఎలాగ తెలుస్తాది?”

నా కట్టు చూసి, జేబులోని పెన్ను తనే తీశాడు. ఖాళీ పేజీ వెతికి, మోకాలి మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. అక్షరాలు గీత మీంచి జారిపోతున్నాయి. చాలాసేపు పట్టింది. వంగి చదివాను. ‘రిలీవర్ రాలేదు. డ్యూటీలో ఉన్న మనిషి అలిసిపోయి నిద్రపోయారు.’ అంతే ఉంది.

“ఇంతేనా?” అన్నాను.

“జరిగింది ఇంతే గదా” అన్నాడు.

కుడిపేజీకి తిప్పి సంతకం పెట్టాడు. “సార్జి తీసుకున్నాను. నువ్వెల్లు. అన్నట్టు నీ పేరేటి? దిగినోళ్ళ పేరు రాయాల.”

“కామేశ్వరి.”

రాస్తూ రాస్తూ ఆగాడు. మొహం మెత్తబడింది. ఆ మొహం నేను చూసి ఎన్నాళ్ళయిందో.

“మా ఇంటిదాని పేరూ అదే” అన్నాడు. “నువ్వు సెక్టారు మీంచే గదా ఎల్తావు. నాకు డబుల్ పడిపోనాదని మా ఇంటికాడ ఓ కబురు సెప్పీమ్మా. తినీసి తొంగోమన్నానని సెప్పు. అది తినదు. ఆకలితో కూకుండి, నానెల్లేక తినీసేనని అబద్దమాడతాది. నాకు తెల్దనుకుంతాది పిచ్చిది. ఇయ్యాల మాత్రం తినమన్నానని గట్టిగా సెప్పు.”

“సెప్తాను” అన్నాను.

ఆయనకి తెలుసు. వంటింట్లో ఆ చీకట్లో నేను మింగిన ముద్దలన్నీ ఆయనకి తెలుసు. ఇన్నేళ్ళూ నాతో ఒక్క మాట అనలేదు. ఇప్పుడు చెబుదామంటే నేనెవరో తెలియదు.

తవిటమ్మ నా భుజం, తెగని భుజం, పట్టుకుని గుమ్మం దాకా తీసుకొచ్చింది. వెనక్కి చూస్తే ఆయన పుస్తకం ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉన్నాడు, డ్యూటీ ఎక్కిన మనిషిలా. కారులో మణికంఠ ఏవో అడిగాడు, ఏం చెప్పానో గుర్తు లేదు. ఇంటి దగ్గర దింపి, సాయంత్రం కోడలు చంద్రికని పంపిస్తానని చెప్పి పోర్టుకి వెళ్ళిపోయాడు.

గేటు దగ్గర వరహాలు ఇంకా నిలబడే ఉన్నాడు. ఎండలో, చేతిలో హెల్మెట్‌తో.

“అప్పా, బావ ఎలాగున్నాడు?”

“బావకి డబుల్ డ్యూటీ పడిపోనాది వరహాలూ” అన్నాను. “నన్ను తినీసి తొంగోమన్నాడు.”

వరహాలు మొహం తిప్పేసుకున్నాడు. నేను లోపలికి వెళ్ళాను. కుర్చీ ఖాళీగా ఉంది, గడియారం అసలు టైముకి నాలుగ్గంటలు ముందుగా నడుస్తోంది. పొద్దుటి అన్నం, పప్పు గిన్నెలో ఉన్నాయి. కంచంలో పెట్టుకుని ఎడమచేత్తో చెంచా పట్టుకున్నాను. మూడో చెంచాకి ఏడుపు వచ్చింది. నాలుగేళ్ళది అంతా ఒక్కసారే వచ్చింది. చెంపలు తడవడం నాకు తెలుస్తూనే ఉంది. ఆపలేదు, ఏడుస్తూనే కంచం ఖాళీ చేశాను. ముప్పై ఆరేళ్ళలో ఆయన పంపిన కబురు విని అన్నం తినడం అదే మొదటిసారి.